ఒక్క చుట్టు ఎక్కువ

"ఇంక గిన్నెలు లేవు," అంది అమ్మ. "అటకమీది పెద్ద బకెట్టు దించు."

ఉన్నవన్నీ నేలమీదే ఉన్నాయి. వంటింట్లో మూడు, నడవలో రెండు, నాన్న మంచం తలవైపు ఒకటి. వాన ఆగి రెండు గంటలైంది. రేకుల్లో నిలిచిన నీళ్ళు మాత్రం ఇంకా చుక్కచుక్కగా దిగుతూనే ఉన్నాయి.

అక్కా, బావా వచ్చి గంటన్నరైంది. అక్క నాన్నతో మాట్లాడటం లేదు. నాన్న బావతో మాట్లాడటం లేదు. ఒకరికొకరు చెప్పాల్సినవన్నీ అమ్మతో చెబుతున్నారు. అమ్మ గిన్నెలతోపాటు ఆ మాటల్నీ అటూ ఇటూ మోస్తోంది.

"కంపెనీకి ఫిర్యాదు రాసేముందు నాకొక్క కబురు పంపితే ఏం పోయిందో అడుగమ్మా," అంది అక్క.

నాన్న ఆమెకి మూడడుగుల దూరంలోనే ఉన్నాడు. గోడవైపు తిరిగి అన్నాడు, "పంపితే ఏం చేసేది? మళ్ళీ ఆ మేస్త్రినే పైకి ఎక్కించేది."

మేస్త్రి అంటే బావ. రెండేళ్ళ కిందట ఈ పైకప్పు వేసింది బావే. ఇల్లు కారడం మొదలయ్యేదాకా నాన్న అతన్ని "అల్లుడుగారూ" అని తప్ప పిలిచి ఎరగడు. పోయిన వారం వీధివాళ్ళందరూ వింటుండగా "చేతకాని పని" అన్నాడు. మర్నాడే రేకుల కంపెనీకి ఉత్తరం రాసి, సంతకం పెట్టి, పోస్టులో వేశాడు. ఇవాళ కంపెనీ మనిషి వస్తున్నాడు.

బావ గడప పక్కన కూర్చున్నాడు. చొక్కా జేబులో కంపెనీ కార్డు ఉంది. దానిమీద ఫొటో, నంబరు, "గుర్తింపు పొందిన ఫిట్టర్" అనే అక్షరాలు. దానికోసం ఆరేళ్ళు ఇంకొకరి చేతికింద రేకులు మోశాడు. ఆ కార్డు ఉన్నవాడు వేస్తేనే కంపెనీ కప్పుకి గ్యారంటీ ఇస్తుంది. అందుకే జనం అతన్ని పిలుస్తారు. పని బాగాలేదని ఇవాళ ఆ వచ్చే మనిషి రాస్తే, కార్డు వెనక్కి తీసుకుంటారు.

అక్క వచ్చినప్పటినుంచి ఎన్నో మాటలంది. ఆ ఒక్క మాట మాత్రం అనలేదు.

"పదిహేనేళ్ళ గ్యారంటీ!" నాన్న ప్లాస్టిక్ కవరులోంచి కాగితం లాగాడు. "ఇంతింత అక్షరాలతో వేశారు. రెండేళ్ళకే కారితే అడగకూడదా? అడిగితే నేరమా?"

"అది రేకుకి, మామయ్యా." బావ అప్పుడే మొదటిసారి నోరు విప్పాడు. "తుప్పు పట్టినా, రంగు ఊడినా కంపెనీ మారుస్తుంది. వేసిన పనికి గ్యారంటీ వేరు. అది అయిదేళ్ళు. అది నా పేరుమీద ఉంటుంది."

"విన్నావుటే?" నాన్న అమ్మవైపు తిరిగాడు. "ఒక కప్పు, రెండు గ్యారంటీలు. రేకు కారితే వాళ్ళనడగాలి, మేకు కారితే వీళ్ళనడగాలి. నెత్తిమీద కారితే ఎవర్నడగాలో అది మాత్రం ఎవరూ రాయరు."

"కాగితం వెనకవైపు చదివారా?" అంది అమ్మ.

"వెనకేముంటుంది?"

"ముందువైపు చెప్పనివి."

నాన్న కాగితం తిప్పాడు. అక్షరాలు చీమల బారులా ఉన్నాయి. కళ్ళజోడు ఎక్కడుందో వెతకబోయి, అక్క చూస్తోందని మానేశాడు. కాగితాన్ని మళ్ళీ కవరులో పెట్టేశాడు.

కంపెనీ ఆయన మోటారుసైకిల్ చప్పుడు విని అందరం లేచాం. నడివయసు మనిషి. అట్టకి పిన్ను పెట్టిన కాగితాలు, మెడలో టేపు. బావని చూసి, "నువ్వేనా ఫిట్టరువి?" అన్నాడు. గొంతులో కోపమేమీ లేదు. బావ తల ఊపాడు.

"పద, చూద్దాం."

నాన్న కూడా నిచ్చెనవైపు నడిచాడు. "మీరు కిందే ఉండండి," అన్నాడాయన. "రేకుమీద ముగ్గురెక్కితే నేనే ఫిర్యాదు రాయాల్సొస్తుంది."

ఇద్దరూ పైన నడుస్తుంటే వంటింట్లో చప్పుడు తెలుస్తోంది. ఒకరి అడుగులు బరువుగా, ఆగుతూ. ఇంకొకరివి, బావవి, రేకు కింద చెక్క ఎక్కడుందో తెలిసినట్టు వాటిమీదే పడుతున్నాయి. అక్క పైకి చూస్తూ అడుగులతోపాటే నడవంతా తిరిగింది. ఒక దగ్గర ఇద్దరూ ఆగిపోయారు. చాలాసేపు ఏ చప్పుడూ లేదు.

"ఏం చేస్తున్నారు?" అంది అక్క.

"జపం," అంది అమ్మ. ఎవరూ నవ్వలేదు. అమ్మ కూడా నవ్వలేదు.

దిగి వచ్చాక కంపెనీ ఆయన గుప్పిలి విప్పి బల్లమీద అయిదారు స్క్రూలు పోశాడు. ఒక్కోదానికీ తల కింద నల్ల రబ్బరు వాషర్ ఉంది. ఉంది అనడానికే. అన్నీ అప్పడంలా పలచబడి, చుట్టూ పగిలి ఉన్నాయి. జేబులోంచి ఒక కొత్తది తీసి వాటి పక్కన పెట్టాడు. కొత్తది బొద్దుగా ఉంది.

"రేకులో లోపం లేదండీ. స్క్రూలు వేసిన చోటూ సరిగ్గానే ఉంది. రేకు మెట్టమీద వేశాడు, పల్లంలో వేయలేదు. చక్కటి పని."

అక్క ఒక్కసారిగా నాన్నవైపు చూసింది.

"మరి కారడం?" అన్నాడు నాన్న.

"వీటివల్ల." ఆయన పగిలిన వాషర్‌ని వేలితో నొక్కాడు, ముక్క ఊడి వచ్చింది. "నీళ్ళని ఆపేది స్క్రూ కాదండీ, ఈ రబ్బరు. అది మెత్తగా కూర్చుంటేనే ఆపుతుంది. అందుకే స్క్రూలు బిగించే మెషిన్‌లో కొలత పెట్టి ఉంటుంది, రబ్బరు కాస్త ఉబ్బగానే దానంతటదే ఆగిపోతుంది. వీటిని మెషిన్ ఆపాక ఎవరో మళ్ళీ చేత్తో బిగించారు. తలలమీద పెయింటు లేచిపోయింది చూడండి. స్పానర్ పట్టు. ఒకటీ రెండూ కాదు, కప్పు వెనక వాలు మొత్తం."

"గట్టిగా బిగిస్తే మంచిదే కదా," అన్నాడు నాన్న. కాని ఆ మాట మధ్యలోనే అతని గొంతు తగ్గిపోయింది.

"మంచిదనుకునే చేస్తారు. మొదటి ఏడాది చుక్క కూడా కారదు. ఎండ తగలగా తగలగా రబ్బరు పగులుతుంది. పైగా రేకు లోపలికి సొట్టపడింది, నీళ్ళు సరిగ్గా అక్కడే నిలుస్తున్నాయి. వాషర్లు మారిస్తే సరిపోదు. ఆ పక్క రేకులన్నీ మార్చాలి."

నా చేతిలో టీ గ్లాసుల పళ్ళెం ఉంది. దాన్ని బల్లమీద పెట్టేశాను.

కప్పు వేసిన నాలుగో రోజు అది. ఆదివారం. అమ్మ ఇంట్లో లేదు. నాన్న డిపోనుంచి తన స్పానర్ తెచ్చుకున్నాడు. నాన్న బస్సుల డిపోలో మెకానిక్. చక్రాల బోల్టులు బిగించడం ఆయన పని. వదులు బోల్టు, వదులు నోరు, రెండూ ప్రాణం తీస్తాయి అంటాడు. పైకెక్కి ఒక స్క్రూమీద స్పానర్ పెట్టి తిప్పి చూశాడు. తిరిగింది.

"చూశావా పిట్టా, ఇంకో చుట్టు పడుతోంది," అన్నాడు పైనుంచి. "పాపం, కుర్రాడు మెషిన్‌ని నమ్ముకున్నాడు."

మధ్యాహ్నందాకా వెనక వాలుమీద ఒక్కో స్క్రూకీ ఒక్కో చుట్టు వేశాడు. కింద నిచ్చెన పట్టుకుని నేనున్నాను. దిగాక చెమట తుడుచుకుంటూ, "మీ బావకి చెప్పకు. పనిమీద చెయ్యి పెట్టానని చిన్నబుచ్చుకుంటాడు," అన్నాడు. ఎంత సంతోషంగా ఉన్నాడో ఆ రోజు. అన్నంలోకి ఏముందని కూడా అడగకుండా తిన్నాడు.

నేనెవరికీ చెప్పలేదు. చెప్పాల్సినంత సంగతని అనుకోలేదు కూడా.

కంపెనీ ఆయన అట్టమీద కాగితం సర్దుకున్నాడు. "నేను రాయాల్సింది ఒక్కటేనండీ. ఈ బిగింపు ఎవరిది? ఫిట్టరే చేస్తే అది పనిలో లోపం. వెనక వాలంతా అతను ఊరికే మళ్ళీ వేసివ్వాలి, రేకులు మేమిస్తాం. కార్డు వెనక్కి తీసుకుంటాం. ఇంట్లోవాళ్ళు గానీ బయటివాళ్ళు గానీ చేస్తే ఏ గ్యారంటీ ఉండదు. మాదీ ఉండదు, అతనిదీ ఉండదు. కాగితం వెనక ఏడో షరతు."

అమ్మ చేతిలో చెంబు కదలకుండా ఉండిపోయింది. మళ్ళీ కప్పు వేయించే శక్తి మాకు లేదని ఆ గదిలో కొత్తవాడికి తప్ప అందరికీ తెలుసు.

"నేనే," అన్నాడు బావ.

"నువ్వా?"

"అనుమానం వచ్చి చేత్తో ఇంకొంచెం బిగించాను. తెలిసే వయసు కాదు."

"రెండేళ్ళ కిందట వయసు లేదా?" అంది అక్క. "అప్పటికి మనకి పెళ్ళయి ఏడాదయింది!"

"నువ్వూరుకో."

"నువ్వెప్పుడూ చేత్తో బిగించవు. నీ పెట్టెలో ఆ సైజు స్పానరే లేదు!"

"అరువు తెచ్చాను. ఊరుకోమన్నానా?"

పెళ్ళయినప్పటినుంచీ బావ అక్కమీద గొంతు పెంచడం నేను వినలేదు. అక్క కూడా విని ఉండదు.

కంపెనీ ఆయన నిట్టూర్చి కాగితం, కలం అతని ముందుకి తోశాడు. "అయితే అదే రాసి సంతకం పెట్టు బాబూ. పైన రాసినదంతా నిజమని కింద ఉంది, చూసుకుని మరీ పెట్టు."

బావ నెమ్మదిగా రాస్తాడు. ఒక్కో అక్షరాన్నీ రేకు కొలిచినట్టు కొలుస్తాడు. నడవలో గిన్నెలో చుక్క పడింది. ఇంకొకటి పడింది. నాన్న చూపు బావ చేతిమీదే ఉంది.

ఇప్పుడు చెబుతాడు అనుకున్నాను. మళ్ళీ, ఇప్పుడు చెబుతాడు అనుకున్నాను.

నాన్నకి భయమేసిందని నాకు తెలుస్తూనే ఉంది. అది కప్పు పోతుందన్న భయం కాదు. పాతికేళ్ళుగా ఆయన బిగించిన చక్రం ఒక్కటీ ఊడలేదు. డిపోలో కొత్తవాళ్ళని ఆయన దగ్గరే పెడతారు. బిగించడంలో తప్పు చేశాడని ఆయన్ని అన్నవాళ్ళు లేరు. ఆయన్ని ఆయన కూడా ఎప్పుడూ అనుకోలేదు.

బావ సంతకం పెట్టి కలం మూత పెట్టాడు.

"ఆగండి," అన్నాడు నాన్న. ఒకడుగు ముందుకి వేశాడు. "అది నేను బిగించాను."

అమ్మ చెంబు దించింది.

"కప్పు వేసిన నాలుగో రోజు. నేనే ఎక్కాను. డిపో స్పానర్‌తో. ఈయనకి తెలియదు."

"మామయ్య నామీద జాలితో అంటున్నారు సార్," అన్నాడు బావ.

"జాలేమిటయ్యా? నా చేత్తో నేను బిగించాను!"

"మీకు మోకాలి నొప్పి. మీరు రేకెక్కడమేమిటి?"

"మోకాలు నొప్పి మొన్న మొన్న వచ్చింది! అప్పుడు కోతిలా ఎక్కాను!"

"మీరెక్కలేదు. బిగించింది నేను."

"ఇదిగో అల్లుడూ, నా ఇంట్లో నిలబడి నా తప్పు నువ్వు లాక్కుంటావేం?"

పోయిన వారం ఇదే చోట నిలబడి తప్పు నాది కాదంటే నాది కాదని వాదించుకున్నారు. అది తెలియని కంపెనీ ఆయన ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "ఇరవై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నానండీ. తప్పు నాదంటే నాదని కొట్టుకునే ఇల్లు చూడటం ఇదే మొదలు."

"పిట్టని అడగండి," అన్నాడు నాన్న. "నిచ్చెన పట్టుకుంది అదే."

"చిన్నపిల్ల. దాన్నెందుకు లాగుతారు?" బావ నావైపు చూశాడు. తల చాలా కొద్దిగా అడ్డంగా ఊపాడు. నాకొక్కదానికే కనిపించేటట్టు.

కంపెనీ ఆయన నావైపు తిరిగాడు. "చెప్పమ్మా. భయపడకు. ఎవరు ఎక్కారు?"

బావ అంటే కప్పు ఉంటుంది, కార్డు పోతుంది. నాన్న అంటే కార్డు ఉంటుంది, కప్పు పోతుంది. అమ్మ మొహం చూడలేక అక్క మొహం చూశాను. అక్క నాకేసి చూడటం లేదు. బావ జేబుకేసి చూస్తోంది.

"నాన్న," అన్నాను.

"ఏంటమ్మా? వినపడలేదు."

"నాన్న ఎక్కారు. నేను నిచ్చెన పట్టుకున్నాను. మంచిదే అనుకున్నారు నాన్న."

నాన్న తల ఊపాడు. లెక్క సరిపోయిందని మాస్టారు అన్నట్టు. వెళ్ళి మంచం అంచున కూర్చున్నాడు, గిన్నె పక్కకి జరిపి.

"పైకెక్కగానే నీకు తెలిసింది కదూ?" అంది అక్క బావతో.

బావ కలం కంపెనీ ఆయనవైపు జరిపాడు.

"తెలిసీ రాశావు."

"నేను ఇంకో పని చూసుకోగలను," అన్నాడు బావ నేలకేసి చూస్తూ. "వీళ్ళకి ఇంకో కప్పు ఎక్కణ్ణుంచి వస్తుంది?"

ఆ మాటకి అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాన్న మంచంమీదే ఇంకాస్త ముందుకి వంగిపోయాడు. నాకు మాత్రం గుండె తేలికపడింది. కప్పు పోతే పోయింది, కార్డు నిలిచింది కదా అనుకున్నాను. అలా అనుకున్నది ఎంతసేపో కాదు.

కంపెనీ ఆయన బావ రాసిన కాగితాన్నే చూస్తున్నాడు.

"అంటే ఇది అబద్ధమన్నమాట."

ఆయన కాగితాన్ని బావవైపు తిప్పాడు.

"నిజమని సంతకం పెట్టి ఇచ్చావు బాబూ. పని తప్పయితే ఏడాది తర్వాత కార్డు మళ్ళీ అడగొచ్చు. అబద్ధపు కాగితం ఇస్తే..." ఆయన ఆపేశాడు.

"చింపేయండి," అంది అక్క. "ఇంకోటి రాయండి. మీ చేతిలోనే ఉందిగా!"

"దీనికి నంబరు ఉందమ్మా. చింపితే నన్నడుగుతారు." ఆయనకీ కష్టంగానే ఉంది. చెవి వెనక గీరుకున్నాడు. "ఒక్క నిమిషం ముందు చెప్పి ఉంటే నేనిక్కడ ఇంకేమీ రాయాల్సి వచ్చేది కాదు."

నాన్న కళ్ళు మూసుకున్నాడు.

"కార్డు ఇలా ఇవ్వు బాబూ. తేలేదాకా ఆఫీసులో ఉంటుంది."

బావ జేబులోంచి కార్డు తీశాడు. చొక్కా అంచుతో ఒకసారి తుడిచి ఇచ్చాడు.

అక్క నావైపు చూసింది. తిట్టలేదు. తిట్టడానికి ఏమీ లేదు. నేను నిజమే చెప్పాను. అయినా ఆ చూపుకి నేను గోడకి ఆనుకున్నాను.

కంపెనీ ఆయన గుమ్మం దాటాడో లేదో నాన్న లేచాడు. వంకీకున్న చొక్కా తీసి తొడుక్కుంటూ వెనకే వెళ్ళాడు.

"మీ ఆఫీసు ఎన్నింటిదాకా?"

"అయిదింటిదాకా. మీరొచ్చి ఏం చేస్తారండీ?"

"తెలియదు. ఉత్తరం రాసినవాణ్ణి నేను. దాన్ని వెనక్కి తీసుకుంటాను."

"ఇప్పుడది ఉత్తరంతో పోదు. మా పైఆయన ముందు చెప్పాలి. ఆయన మిమ్మల్నీ నమ్మడు, మీ అల్లుణ్ణీ నమ్మడు. ఇద్దరూ చెరోసారి మాట మార్చారు."

"మార్చనిది ఒకతి ఉంది," అన్నాడు నాన్న.

కంపెనీ ఆయన గుమ్మంలోంచి నావైపు చూశాడు. "అక్కడ నలుగురైదుగురు కూర్చుని ఉంటారమ్మా. బల్లకి అటువైపు. అడిగింది మళ్ళీ మళ్ళీ అడుగుతారు. చెప్పగలవా?"

నేను తల ఊపాను. ఎందుకు ఊపానో తెలియదు. బడిలో హాజరు పిలిస్తేనే నా గొంతు ముందు బెంచీదాకా వెళ్ళదు.

మోటారుసైకిల్ వెళ్ళిపోయింది. నాన్న బస్సు చూడటానికి వీధిలోకి పరిగెత్తాడు. బావ మెట్టుమీద కూర్చుని చెప్పులు వేసుకోవడం మొదలుపెట్టాడు. వద్దనీ అనలేదు, పదమనీ అనలేదు.

అక్క వచ్చి నా వెనక నిలబడింది. రేగిపోయిన నా జడ విప్పి, దువ్వెన కూడా లేకుండా వేళ్ళతోనే చిక్కు తీసి అల్లసాగింది.

"ఇందాకటిలా గొణగొద్దు," అంది.

"ఊఁ."

"స్క్రూల సంగతి అడగరు వాళ్ళు. అది తేలిపోయింది. తెలిసీ తెలిసీ అబద్ధం ఎందుకు రాశాడని అడుగుతారు. ఏం చెబుతావు?"

ఎందుకు రాశాడో నాకు తెలుసు. అయితే అది చెప్పాలంటే మా ఇంటి సంగతంతా ముక్కూ మొహం తెలియనివాళ్ళ ముందు, నాన్న పక్కన కూర్చుని ఉండగా, బావ వింటుండగా చెప్పాలి.

"పిట్టా!" వీధిలోంచి నాన్న కేక. "బస్సు వచ్చేస్తోంది!"

అక్క జడ చివర ముడి వేయకుండానే వదిలేసింది.